ఒక్కపొద్దు బిళ్ళ

మొన్న మార్కాపురంలో మా పిన్నమ్మ కూతురి పెళ్ళికి పోయినప్పుడు కల్యాణమండపం వరండాలో గాజులు వేయించుకుంటా కూర్చున్నాను. గాజులేసే పిల్ల చిన్నది. "చెయ్యి వదులు చెయ్యండి మేడం, బిగబట్టొద్దండి" అని చెప్తానే ఉంది. చెప్పే కొద్దీ నా చెయ్యి ఇంకా బిగుసుకుపోయింది. బొటనవేలి కణుపు దగ్గర గాజు ఆగిపోయి, చర్మం ఎర్రగా కమిలింది. ఉన్నట్టుండి నా నోట్లో నుంచి ఒక మాట వచ్చింది.

"ఇయ్యాల ఏం కూర చేసినావు అని అడుగు పాపా."

ఆ పిల్ల నా మొహంలోకి వింతగా చూసింది. పక్కనున్న మా పిన్నమ్మ నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయినాను. ఆ మాట మా గాజులత్తది. ఆమె పోయి ఏడాది దాటింది.

గిద్దలూరులో మా వీధి మొదట్లో వాళ్ళ ఇల్లు. ముందర గాజుల దుకాణం, వెనక రెండు గదులు. దుకాణంలో మామ కూర్చునేవాడు. మామ మాట పొదుపు మనిషి. ఆడవాళ్ళు వచ్చి డబ్బాలన్నీ తీయించి, వాళ్ళకు వాళ్ళే గాజులేసుకుని, వాళ్ళే బేరం చేసుకుని పోయేవాళ్ళు. ఆయన "ఊ" అనేవాడు, అంతే. అత్తకు దుకాణంలో కూర్చుంటే ఊపిరాడదు. రెండు సంచుల్లో గాజుల పెట్టెలు సర్దుకుని, తాళ్ళకు గుత్తులుగా గుచ్చిన గాజుల మలారం భుజానికి తగిలించుకుని, పొద్దున్నే కొమరోలు బస్సెక్కేది. ఆమె కంటే ముందు ఆ గలగల వచ్చేది వీధిలోకి. వాళ్ళకూ మాకూ చుట్టరికం ఏమీ లేదు. మా అమ్మ గిద్దలూరులో నాతో ఉన్నన్నాళ్ళు ఆమెను వదినా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది.

గాజు కణుపు దగ్గరికి రాంగానే ఆమె కూర సంగతి అడిగేది. "సొరకాయ" అని మనం చెప్పేలోపల గాజు మణికట్టు మీదికి దిగిపోయి ఉండేది. "సొరకాయలో పాలు పోసినావా, ఎండుమిరపకాయేనా?" ఇంకో గాజు. "మీ ఆయన తింటాడా సొరకాయ?" ఇంకోటి. డజను గాజులు పూర్తయ్యేసరికి ఆ ఇంట్లో ఎవరు ఏం తింటారో, ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో అంతా ఆమెకు తెలిసిపోయేది. ఒక ఊర్లో విన్న మాట ఇంకో ఊర్లో మాత్రం చెప్పేది కాదు. "నేను గాజులు మోస్తా పాపా. మాటలు మోస్తే సంచి తెగిపోతాది" అనేది.

గాజు పగిలింది అంటే ఆమెకు కోపం. "పూచింది అనాల" అని దిద్దేది. బస్సు కుదుపుకు సంచిలో గాజులు చిట్లిన చప్పుడు వినపడితే, "పూచినాయి, పూచినాయి" అని తనకు తానే చెప్పుకునేది.

ఇంక కారం. మా పక్క కారం తినని వాళ్ళుండరు కానీ, ఆమె తినే కారం మేమెవరమూ తినలేం. జొన్నరొట్టె మీద ఎర్రకారం, నూనె, పచ్చి ఉల్లిగడ్డ. టిఫిను డబ్బాలో ఉప్మా పెట్టుకున్నా దాని మీద కారం చల్లుకునేది. బస్సులో నాకు ఒక ముద్ద పెట్టబోయి, నేను తల అడ్డంగా తిప్పితే, "కారం తినకపోతే నోరు తెరిచేదెందుకే?" అనేది.

నేను కొమరోలు అవతల ఒక చిన్న పల్లెలో టీచరును. ఏళ్ళ తరబడి ఇద్దరం ఒకే బస్సు. ఒక చలికాలం పొద్దున ఆమె బస్సెక్కుతా కమ్మీని చేత్తో పట్టుకోకుండా, మోచెయ్యి మడిచి దానికి తగిలించుకోవడం చూసినాను.

"ఏమయిందత్తా?"

"వేళ్ళు నిద్ర లేయలేదింకా. పది దాటితే గానీ లేయవు, జమీందారు బిడ్డలు."

నవ్వుతానే చెప్పింది. కానీ ఆ వేళ్ళు చూస్తే కణుపులన్నీ ఉబ్బి, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఏమైనా మందు వాడుతున్నావా అంటే, వాతం అన్నది. మా పక్క కీళ్ళనొప్పులు లేని వాళ్ళను వెతుక్కోవాల. బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు ఉందని చిన్నప్పటి నుంచి వింటానే ఉన్నాం. నలభై దాటిన ప్రతి మనిషీ మోకాళ్ళు పట్టుకునే లేస్తాడు. అందరి నొప్పుల్లో ఆమె నొప్పి కూడా కలిసిపోయింది. అది వేరే నొప్పి అని ఎవరికీ తోచలేదు.

ఆ ఏడాది వేసవిలో ఒక పెండ్లి ఇంట్లో, పెండ్లికూతురి చేతికి గాజు తొడుగుతా ఆమె పట్టు తప్పింది. గాజు చిట్లి ఆ పిల్ల చేతికి గీరుకుంది. నెత్తురు ఒక బొట్టు వచ్చిందంతే. ఇంట్లో పెద్దవాళ్ళు అపశకునం అన్నారు. ఆ సాయంత్రం బస్సులో ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటిని వేరే ఎవరివో చూసినట్టు చూస్తా కూర్చుంది. గిద్దలూరు వస్తా ఉండంగా అన్నది.

"పాపా, నన్ను ఎవరైనా పెద్ద డాక్టరుకు చూపించు. సంచి మోయలేకపోతే మానేస్తా. ఇంకొకరి చేతికి నెత్తురు తెచ్చే పని నాకొద్దు."

నంద్యాలలో కీళ్ళ డాక్టరు ఉన్నాడని మా హెడ్మాస్టరు చెప్పినాడు. రైల్లో పోయినాం. దిగువమెట్ట దాటి అడవిలో పడినాక ఆమెకు మళ్ళీ మాట వచ్చింది. గాజులపల్లె స్టేషన్లో బండి ఆగితే కిటికీలో నుంచి తల బయట పెట్టి, "మా ఊరే ఇది, నన్నడక్కుండా పేరు పెట్టుకున్నారు" అని ఎదురు సీటు వాళ్ళకు చెప్పింది.

డాక్టరు నెమ్మది మనిషి. ఆమె వేళ్ళను ఒక్కొక్కటే పట్టుకుని, కణుపు కణుపునా మెల్లగా నొక్కి చూసినాడు. ఆమె కాసేపు ఓర్చుకుని, "సార్, మీరు మా పనికి పనికొస్తారు. చెయ్యి మెత్తన" అన్నది. ఆయన నవ్వినాడు. రక్తపరీక్షలు చూసి, ఇది నీళ్ళ వల్ల వచ్చింది కాదు, ఒంట్లో కాపలా కాయాల్సిన శక్తే తిరగబడి కీళ్ళను తినేస్తా ఉంది, దీన్ని ఆపే మందు వేరే అని చెప్పినాడు. మందు పేరు మెథోట్రెక్సేట్. ఆ పేరు ఆమె నోరు తిరగలేదు.

"అమ్మా, బాగా వినండి. ఇది వారానికి ఒక్కసారే. ఒకే రోజు. రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. మధ్యలో ఈ పసుపుపచ్చ విటమిను బిళ్ళ. నేను చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష. ఇంకొక మాట. నన్ను అడగకుండా నొప్పి మాత్రలు గానీ సూదులు గానీ వాడొద్దు. నొప్పెక్కువైతే ఫోన్ చేయండి."

"వారానికొక్క బిళ్ళతో ఏం తగ్గుతాది సార్?"

"తగ్గుతుంది. రెండు మూడు నెలలు ఓపిక పట్టాల."

తిరుగు రైల్లో ఆమె ఆ అట్టను తిప్పి తిప్పి చూసింది. "వారానికొక్కసారంటే ఒక్కపొద్దు మాదిరే గదా. శనివారం మింగుతా. వెంకన్న సామి కూడా చూసుకుంటా ఉంటాడు." అప్పటి నుంచి దాని పేరు ఒక్కపొద్దు బిళ్ళ అయింది.

శనివారం ఆమె రాత్రి అన్నం తినదు, ఫలహారమే. ఫలహారమయినాక దీపం ముందు నిలబడి, బిళ్ళను కళ్ళకద్దుకుని మింగేదని మామ తర్వాత చెప్పినాడు. ఒక్క శనివారం తప్పలేదు. డాక్టరు మాట నిజమే అయింది. వినాయకచవితి దాటేసరికి కమ్మీని గుప్పిట్లో పట్టుకుని బస్సెక్కింది. ఎక్కి, ఆ గుప్పిటను నా ముఖం ముందు మూసి తెరిచి, మూసి తెరిచి చూపించింది. బస్సంతా చూసేటట్టు. ఆ రోజు కండక్టరుకు కూడా ఒక జొన్నరొట్టె ముక్క దక్కింది. పాపం, ఆయన కారానికి మేం దిగేదాకా మంచినీళ్ళు తాగుతానే ఉన్నాడు.

ఆ తర్వాత వేసవి సెలవులకు నేను మార్కాపురంలో మా అమ్మ దగ్గరికి పోయినాను. మా అమ్మకు కంటి ఆపరేషను. సెలవులన్నీ అక్కడే గడిచినాయి. బడి తెరిచే ముందర గిద్దలూరుకు వచ్చి, సామాను దించుకుంటా చూస్తే అత్త దుకాణం అరుగు మీద కూర్చుని ఉంది. ఎప్పుడూ ఆమె ఆ అరుగు మీద కూర్చున్నది లేదు. నన్ను చూసి చెయ్యెత్తింది కానీ పిలవలేదు.

దగ్గరికి పోతే, పెదాలు చిట్లి ఉన్నాయి. మూలల్లో తెల్లగా పుండ్లు. నోరు తెరవడానికే కష్టపడుతోంది.

"వేడి చేసింది" అన్నది, మాట నమిలినట్టు.

వీధి వీధంతా అదే మాట. ఎండల్లో తిరిగింది, వేడి చేసింది. ఒకామె సబ్జాగింజలు నానబెట్టి తెచ్చింది. ఒకామె మజ్జిగ. ఇంకొకామె నోట్లో నెయ్యి రాసుకోమని చెప్పింది. అత్త మజ్జిగ కూడా మింగలేక, గిన్నె పక్కన పెట్టేసింది. చేతి మీద, మలారం తాడు ఒరుసుకునే చోట, నేరేడుపండు పిసికినట్టు నల్లటి మచ్చలు. ఒళ్ళు కాలిపోతా ఉంది.

"మామా, జొరం ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నాళ్ళాయె. అంతకు ముందు వాంతులు, విరేచనాలు. ఎండదెబ్బనుకున్నాం."

ఆ పొద్దే కారు మాట్లాడుకుని నంద్యాలకు పోయినాం. డాక్టరు ఆమె నోరు చూసి, చేతి మీద మచ్చలు చూసి, నెమ్మది మనిషి కాస్తా గబగబా మాట్లాడినాడు. "కర్నూలుకు తీసుకపోండి. నేను ఫోన్ చేస్తా." ఆ తర్వాత మామ వైపు తిరిగినాడు. "ఈ నెల రెండు నెలల్లో ఆమె ఏమేం మింగింది? అన్నీ చెప్పండి."

అది చెప్పాల్సిన సంగతని మామకు అప్పటికి గానీ తెలియలేదు. మెల్లగా చెప్పినాడు. పెండ్లిళ్ళ కాలంలో నొప్పి మళ్ళీ తిరగబెట్టింది. నంద్యాలకు పోదామంటే, "ముహూర్తాలు నా కోసం ఆగుతాయా" అన్నది. రక్తపరీక్ష కూడా ఆషాఢంలో చూద్దామన్నది. మెడికల్ షాపులో నొప్పుల బిళ్ళలు తెచ్చుకుని పొద్దునొకటి, రాత్రొకటి. అవీ చాలని రోజు, కొమరోలు పక్క పల్లెల్లో తిరిగే ఊరిడాక్టరు దగ్గర సూది. ఒక్కపొద్దు బిళ్ళ మాత్రం మానలేదు.

"నేను అడిగినా సార్. వద్దన్నారు గదా డాక్టరు సారు అని. 'ఆయన వద్దన్నది పెద్ద పెద్ద మందులు. ఇవి అందరూ మింగేవే గదా, బడ్డీకొట్లో కూడా అమ్ముతారు' అన్నది. రోగానికి అదొకటి, నొప్పికి ఇదొకటి అనుకుంది."

డాక్టరు కర్నూలుకు ఫోన్ కలిపినాడు.

కర్నూలు ఆసుపత్రిలో మాకు సంగతి విడమరిచి చెప్పింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. అత్త మంచం పక్కనే నిలబడి చెప్పింది. అత్త కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాం.

"ఆ వారం బిళ్ళ ఒంట్లో పని చేసినాక మూత్రపిండాల దారిన బయటికి పోవాలండి. నొప్పి మాత్రలు మూత్రపిండాల పని తగ్గిస్తాయి. దానికి తోడు వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీళ్ళు లేకుండా పోయినాయి. బయటికి పోవాల్సిన మందు పోలేదు, లోపలే నిలిచిపోయింది. దాని మీద ఇంకో శనివారం, ఇంకో బిళ్ళ. కొత్త రక్తం పుట్టే చోటును, నోట్లో చర్మాన్ని, కడుపులో పొరను అది కాల్చేసింది. విరుగుడు ఇస్తున్నాం. డయాలిసిస్ కూడా పెడుతున్నాం. ఆలస్యమైంది."

"మామూలు నొప్పి బిళ్ళలే గదమ్మా" అన్నాడు మామ. వాదించడానికి కాదు, నమ్మలేక.

"విడిగా ఉంటే మామూలివేనండి. కొందరికి ఈ రెండూ కలిపి మేమే రాస్తాం. మూత్రపిండాలు చూసుకుంటా, పరీక్షలు చేస్తా రాస్తాం. చూసేవాళ్ళు లేకుండా కలిస్తేనే ఇట్లా అవుతుంది."

డాక్టరమ్మ పోయినాక నేను నీళ్ళ సీసా తీసుకురావడానికి లేచినాను. నా కొంగు ఎవరో పట్టి లాగినారు. చూస్తే అత్త. కళ్ళు తెరిచి ఉంది. అన్నీ విన్నది.

"గొర్రెల చెల్లె" అన్నది.

నాకు మొదట అర్థం కాలేదు. పుండ్ల మధ్య నుంచి మాట తడిసి తడిసి వస్తోంది. నేను వంగి చెవి పెట్టినాను.

"నా బిళ్ళలు... ఇచ్చినా."

మా బడి ఉన్న పల్లెకు ముందర ఇంకో చిన్న పల్లె ఉంది. అక్కడ గొర్రెలు కాసుకునే ఒకామె, మా బస్సు వచ్చే వేళకు రోడ్డు మీదికి వచ్చి చెయ్యెత్తేది. ఎక్కడానికి కాదు, కిటికీలో నుంచి అత్తతో రెండు మాటలు మాట్లాడడానికి. డ్రైవరు తిట్టుకుంటానే ఆపేవాడు. ఇద్దరూ అక్కాచెల్లెళ్ళ మాదిరి పిలుచుకునేవాళ్ళు. ఆమెకూ చేతులు, మోకాళ్ళు పట్టుకపోయేవి. ఆమె కూడా ఆ ఊరిడాక్టరు దగ్గరే సూది వేయించుకునేదని అత్తే ఒకసారి నాతో అన్నది.

"ఎన్నిచ్చినావత్తా?"

"అట్టంతా. నాకు తగ్గింది గదా... దానికీ తగ్గుతాదని." కాసేపు ఊపిరి తీసుకుంది. "పో పాపా."

"రేపు పొద్దున పోతానత్తా. ఇప్పుడు నీ దగ్గర..."

"ఇప్పుడే పో."

అంత గట్టిగా అనేసరికి పెదవి చిట్లి నెత్తురు కారింది. మామ తువ్వాలుతో అద్దినాడు. నా వైపు చూసి, "పో తల్లీ, దాని మనసు నిలవదు" అన్నాడు.

ఆ గొర్రెలామె ఇంట్లో ఒక్కటే ఫోను. దాన్ని ఆమె మొగుడు మంద వెంట అడవి పక్కకు తీసుకపోయినాడు. అది పలకలేదు. నేను బస్సెక్కి నంద్యాల మీదుగా ఇల్లు చేరి, పొద్దున మొదటి బస్సుకే ఆ పల్లెలో దిగినాను.

ఆమె బోరు దగ్గర తొట్టికి నీళ్ళు పట్టి, గొర్రెపిల్లలకు తాపిస్తా ఉంది. నన్ను చూసి మొహం విప్పుకుంది. "టీచరమ్మా, అక్క ఏదీ? ఇన్నాళ్ళాయె, రోడ్డు మీద నిలబడీ నిలబడీ కాళ్ళు పడిపోయినాయి."

"అక్క నీకు బిళ్ళలిచ్చిందంట. ఏవీ?"

రవికలో నుంచి చిన్న గుడ్డసంచి తీసింది. అట్టలో రెండే మిగిలినాయి.

"శనివారం శనివారం మింగమని చెప్పలేదా?"

"చెప్పింది. గొర్రెలకు శనివారం, ఆదివారం ఉందా టీచరమ్మా? నాకేం గుర్తుంటాది. నొప్పి లేచిన రోజు మింగుతా ఉన్నా. నిన్న కూడా ఒకటి మింగినా."

"సూది?"

"అదీ మానలేదు."

నోరు తెరవమన్నాను. సిగ్గుపడింది. తెరిస్తే, కింది పెదవి లోపల తెల్లటి మచ్చలు, అప్పుడే మొదలయినట్టు. నేను ఆ అట్ట కోసం చెయ్యి చాపితే, గుప్పిట బిగించి వెనక్కు జరిగింది.

"ఇయ్యను. నా నొప్పికి పని చేసింది ఇదొక్కటే. అక్క నాకిచ్చింది, నువ్వెవరు తీసుకునేకి?"

"అక్కే పంపింది. ఆమె కర్నూల్లో ఆసుపత్రిలో ఉంది. ఈ బిళ్ళకు నొప్పుల మందులు తోడయినాయి, అందుకే అట్లయింది. నోరంతా పుండ్లు. నీ పేరే కలవరిస్తోంది."

ఆమె తొట్టి గట్టు మీద కూలబడింది. కాసేపు తన పెదవిని తనే వేలితో తడిమి చూసుకుంది. తర్వాత గుప్పిట విప్పి, అట్టను నా చేతిలో పెట్టి, "గొర్రెలను మా తోడికోడలికి అప్పజెప్పి వస్తా, ఉండు" అని లేచింది.

గిద్దలూరులో రక్తపరీక్ష చేయించి, నంద్యాల డాక్టరుకు ఫోన్ చేసినాం. ఆయన చెప్పిన చోటికి తీసుకపోయినాం. తెల్లకణాలు తగ్గినాయి కానీ మూత్రపిండాలు నిలబడినాయి. విరుగుడు ఇచ్చి కొన్నాళ్ళు పడుకోబెడితే కోలుకుంటుందన్నారు. ఇంకో వారం అయ్యుంటే చెప్పలేకపోయేవాళ్ళమన్నారు.

మామకు ఫోన్ చేసినాను. "దొరికింది మామా. బతుకుతుందన్నారు. అత్తకు చెప్పు."

"నువ్వే చెప్పు" అని ఫోను ఆమె చెవి దగ్గర పెట్టినాడు.

నేను రెండుసార్లు చెప్పినాను. అవతల నుంచి మాట లేదు. ఏదో మిషను చప్పుడు, ఎవరో నర్సు పిలుపు, అత్త ఊపిరి. అంత మాటకారి మనిషి దగ్గర నుంచి నేను విన్నది చివరికి ఊపిరే. కాసేపటికి మామ ఫోను తీసుకుని, "విన్నది" అన్నాడు.

ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు లేదు.

ఇంటికి తెచ్చినప్పుడు వీధిలో ఆడవాళ్ళంతా చేరినారు. "ముత్తైదువ సావు, పుణ్యాత్మురాలు" అంటా ఉంటే నాకు ఒళ్ళు మండింది. ఇందులో పుణ్యమేముంది? పసుపు రాసి, కుంకుమ పెట్టి, గాజులేయబోతే చేతులు నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి. గాజు కణుపు దాటలేదు. ఒకామె తోయబోయి, భయపడి వదిలేసింది. ఇట్లే పంపిద్దాం అన్నారెవరో. మామ దుకాణంలోకి పోయి, ఇంకో సైజు పెద్దవి తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. అన్నేళ్ళు గాజుల దుకాణం నడిపిన మనిషి, ఎవరి చేతికైనా గాజు తొడగడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలును లోపలికి మడిచి, కణుపులను ఒక్కొక్కటే సర్దుతా తొడిగినాడు. రెండు చేతులకూ తొడిగినాడు. ఒక్క గాజు కూడా చిట్లలేదు. అయినాక లేచి, గోడ వైపు తిరిగి నిలబడినాడు.

పల్లెల్లో సూదులేసే ఆ ఊరిడాక్టరు కూడా వచ్చినాడు. లోపలికి రాకుండా వీధిలోనే చెప్పులు కూడా విడవకుండా నిలబడినాడు. "ఆమె చెప్పలేదమ్మా నాకు, ఇట్లాంటి మందు వాడుతున్నానని" అన్నాడు నాతో. కాసేపాగి, "నేనూ అడగలేదు" అన్నాడు. ఆయన దగ్గరికి పోయే వాళ్ళల్లో సగం మంది సంచి నిండా ఏవో బిళ్ళలు పెట్టుకుని ఉంటారు. అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు లేరు.

పెద్దదినం నాటికి గొర్రెలామె నడవగలిగింది. మొగుడు వెంట రాంగా బస్సు దిగి, వీధి అడుగుతా అడుగుతా వచ్చింది. ఆమె ఈ ఇల్లు చూడడం అదే మొదటిసారి. దుకాణం ముందర నిలబడి డబ్బాల్లో గాజులను చాలాసేపు చూసింది. లోపలికి వచ్చి ఫోటోకు దండం పెట్టుకుంది. ఏడవలేదు. పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి వేసినాం. అందరూ తింటా ఉంటే ఆమె మాత్రం అన్నం వైపు చూస్తా ఉండిపోయింది.

మామ వడ్డన చూసుకుంటా ఆమె ముందుకు వచ్చి ఆగినాడు. "ఏమ్మా, తినవా?"

ఆమె తలెత్తింది.

"అన్నా, నాకొక మాట చెప్పు. అక్క ఆ బిళ్ళలిచ్చి నన్ను చంపబోయిందా? టీచరమ్మను పంపి నన్ను బతికిచ్చిందా? అక్కను తలుచుకుంటే నేనేమనుకోవాల? నాకు దిక్కు తెలియడం లేదు."

పంక్తిలో చేతులు ఆగిపోయినాయి. ఎవరో పెద్దాయన, ఇప్పుడెందుకమ్మా ఆ మాటలు, అన్నాడు. మామ పప్పు గిన్నె కింద పెట్టి, ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆయన అంత మాట మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"రెండూ అదే చేసిందమ్మా. తెలియక చేసిందొకటి, తెలిసినాక చేసిందొకటి. రెండూ నీ మీద పాణంతోనే చేసింది. తిను."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయన నెయ్యి గిన్నె తెప్పించి, ఆమె అన్నంలో ఒక గరిటె పోసినాడు. ఆమె చిన్న ముద్ద కలిపి, నోట్లో పుండ్లు ఇంకా మానలేదు కాబట్టి, మెల్లగా మింగింది. రెండో ముద్ద కలిపేదాకా ఆయన అక్కడి నుంచి లేవలేదు.